బాదం తొక్క, పెంకు, పొట్టు, పిప్పి: ఏది దేనికి, ఎలా వాడాలి

ఆగస్టులో కాలిఫోర్నియా హైవే 99 మీద ఫ్రెస్నో నుంచి మోడెస్టో దాకా వెళ్తే రోడ్డుకి రెండు పక్కలా దుమ్ము లేస్తూ ఉంటుంది. బాదం కోతల సీజన్ అది. ప్రపంచం తినే బాదంలో దాదాపు 80 శాతం ఈ సెంట్రల్ వ్యాలీలోనే పండుతుంది. శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల బే ఏరియా ధరలు తట్టుకోలేక ట్రేసీ, మౌంటెన్ హౌస్, మాంటీకా వైపు ఇళ్లు కొనుక్కున్న తెలుగువాళ్లలో కొందరి పెరట్లో ఒకటో రెండో బాదం చెట్లుంటాయి. ఇంకొందరు ఊరి బయట ఐదో పదో ఎకరాల తోట కూడా కొన్నారు. పప్పు ఏం చేసుకోవాలో ఎవరూ చెప్పక్కర్లేదు. చెట్టు నుంచి రాలిన బరువులో పప్పు నాలుగో వంతే, మిగతా మూడు వంతుల గురించే ఈ వ్యాసం.

ఈ విషయం మీద వెతికితే ఎక్కువగా కనిపించేవి బట్టలకి రంగు, చేతి కళలు లాంటివి. సరదాకి బాగానే ఉంటాయి గానీ వాటికి గుప్పెడు తొక్క చాలు. మన ముందు ఉండేది బస్తాలు. అందుకే నా లెక్కలో తొక్క మొదట పశువు మేతలోకి వెళ్లాలి, అది కుదరకపోతే నేలలోకి. మిగతావన్నీ వాటి తర్వాతే. ఏ దారి పట్టినా ముందు రెండు పనులు చేసి తీరాలి: వేరుచేయడం, ఆరబెట్టడం.

మన ఊళ్లలో వీధి పక్కన వెడల్పాటి ఆకులతో పెరిగే బాదం చెట్టు వేరే జాతి. ఇక్కడ చెప్పేవి దానికి వర్తించవు.

1. మీ దగ్గర ఏం ఉంది, ఎంత ఉంది

బాదం కాయకి బయట కనిపించే ఆకుపచ్చ, బూడిద రంగు నూగు పొర తొక్క. జూలైలో ఇది చీలడం మొదలవుతుంది, ఎండేకొద్దీ గోధుమ రంగుకి తిరుగుతుంది. దాని లోపల చెక్కలాంటి పెంకు, పెంకులో పప్పు, పప్పుని అంటుకుని పల్చటి పొట్టు. బాదం పాలు తీశాక మిగిలేది పిప్పి.

బరువులో సుమారు సగం తొక్కే. ఎకరానికి 2,000 పౌండ్ల పప్పు వచ్చే తోటలో తొక్క 4,000 పౌండ్ల దరిదాపుల్లో ఉంటుంది, పెంకు దాని మీద అదనం. పెరటి చెట్టయితే ఒక సీజన్‌కి రెండు మూడు బస్తాల తొక్క రావచ్చు. మీరు ఈ రెంటిలో ఏ కోవలో ఉన్నారో ముందే తేల్చుకోండి. పెరటి చెట్టువాళ్లు మేత సంగతి పైపైన చదివి నేల దగ్గరికి వెళ్లిపోవచ్చు.

రకం కూడా ముఖ్యమే. నాన్‌పరెయిల్ రకం పెంకు వేలితో నలిపితే పగిలేంత మెత్తన, దాని తొక్కలో చక్కెర బాగుంటుంది, పశువుల మేతకి గిరాకీ దానికే. బ్యూట్, పాద్రే, మిషన్ లాంటి గట్టి పెంకు రకాల్లో పెంకు బరువు ఎక్కువ.

చెట్టు మీద ఒక కొమ్మ కాయలు మాత్రం చేదుగా ఉంటే అడుగున అంటు కట్టిన మొదలు నుంచి చిగురు లేచిందేమో చూడండి. చేదు గింజల్లో సైనైడ్ విడుదల చేసే పదార్థం ఉంటుంది. ఆ కొమ్మ కాయల్ని వంటింటికీ మేకలకీ పంపకండి.

2. వేరుచేయడం

తోట పెద్దదైతే ఈ పని హల్లర్ మిల్లు చేస్తుంది. ట్రక్కులో వెళ్లిన కాయ అక్కడ తొక్క, పెంకు, పప్పుగా విడిపోయి బయటికొస్తుంది. చాలా చోట్ల తొక్క, పెంకు అమ్మగా వచ్చిన డబ్బు మిల్లు కూలికి జమ అవుతుంది. మీ ఒప్పందంలో ఆ డబ్బు ఎవరిదో, ఎలా లెక్క కడతారో సీజన్ మొదలవకముందే కాగితం మీద చూసుకోండి. పాల ధర, ఎండుగడ్డి ధర, ఆ ఏడాది పంట బట్టి తొక్క ధర బాగా ఊగుతుంది. కాబట్టి నిరుటి లెక్క ఈ ఏడాదికి పనికిరాదు.

పెరట్లో అయితే చెట్టు కింద టార్పాలిన్ పరిచి పొడుగాటి కర్రకి రబ్బరు గొట్టం తొడిగి కొమ్మల్ని తట్టండి. తొక్క పూర్తిగా విచ్చుకున్న కాయలో బొటనవేలు దూర్చి తిప్పితే తొక్క ఊడొస్తుంది. రాకపోతే ఇంకో రెండు రోజులు ఎండలో ఉంచండి. నల్లబడినవి, లోపల సాలెగూడు లాంటి దారాలు, పిండిలాంటి రెట్ట ఉన్నవి వేరే బకెట్లో వేయండి. అది నేవల్ ఆరెంజ్‌వార్మ్ అనే పురుగు పని. ఆ పురుగు తిన్న పప్పుకి బూజు కూడా సులువుగా పడుతుంది, ఆ బూజు నుంచి అఫ్లాటాక్సిన్ అనే విషం తయారవుతుంది. కాబట్టి ఆ బకెట్ మేతకి వద్దు, వంటకి అసలే వద్దు.

రాళ్లు, మట్టిగడ్డలు, పుల్లలు కూడా ఈ దశలోనే ఏరేయాలి. నేల మీద రాలి ఊడ్చుకొచ్చిన కాయలో మట్టి తప్పదు. వెడల్పాటి కన్నాల జల్లెడలో నాలుగు ఊపులు ఊపితే చాలావరకు పోతుంది.

3. ఆరబెట్టడం, తేమ కొలవడం

అన్నింటికన్నా ఓపిక పెట్టాల్సిన పని ఇదే. తడి తొక్కలో చక్కెర ఉంటుంది కాబట్టి కుప్ప పోస్తే రోజుల్లో వేడెక్కి బూజు పడుతుంది. పెద్ద కుప్పయితే దానంతట అది అంటుకునే ప్రమాదం కూడా ఉంది.

తోటల్లో రాల్చిన కాయని వారం పది రోజులు నేల మీదే ఎండనిస్తారు. ఇంటి దగ్గర కాంక్రీటు మీద రెండంగుళాలకి మించని పొరగా పరిచి, రోజుకి ఒకసారి పార కర్రతో తిరగెయ్యండి. రాత్రి మంచు పడే చోట సాయంత్రం కప్పి పొద్దున్నే తీసేయాలి.

ఆరిందో లేదో మొదట చేత్తో చూడండి. ఒక తొక్కని రెండు వేళ్ల మధ్య వంచితే ఫట్‌మని విరగాలి. తోలులా వంగితే ఇంకా తేమ ఉన్నట్టే. మేతకి ఇచ్చేదైతే ఈ పరీక్ష చాలదు, తూకం కావాలి. కుప్పలో పైన, మధ్య, అడుగు నుంచి కొంచెం కొంచెం తీసి చిన్న ముక్కలు చేయండి. వంటింటి డిజిటల్ త్రాసు మీద సరిగ్గా 100 గ్రాములు తూచి, బేకింగ్ ట్రేలో పల్చగా పరిచి 220 డిగ్రీల ఫారెన్‌హీట్ ఓవెన్లో పెట్టండి. మూడు గంటలయ్యాక తూచండి, మళ్లీ పెట్టి గంటకోసారి తూచండి. వరసగా రెండుసార్లు ఒకే బరువు వస్తే ఆపేయండి. 88 గ్రాములు మిగిలితే తేమ 12 శాతం అన్నమాట. ఓవెన్ పక్కనే ఉండండి, అంచులు మాడి పొగ వస్తే లెక్క తప్పుతుంది.

కాలిఫోర్నియా నిబంధనల ప్రకారం ‘బాదం తొక్క’ పేరుతో మేతగా అమ్మేదాంట్లో తేమ 13 శాతం, ముడి పీచు 15 శాతం, బూడిద (పూర్తిగా కాల్చాక మిగిలేది) 9 శాతం దాటకూడదు. పీచు 15 దాటి 29 శాతం లోపు ఉంటే దాన్ని ‘తొక్క, పెంకు మిశ్రమం’ అనే అమ్మాలి. పెంకు ముక్కలు కలిసేకొద్దీ పీచు పెరుగుతుంది, బూడిద పెరిగితే మట్టి కలిసిందని అర్థం. రెండో అడుగులో జల్లెడ పట్టమన్నది అందుకే.

ఆరిన సరుకుని గాలాడే బస్తాల్లో, ప్యాలెట్ల మీద, వాన తగలని చోట పెట్టండి. నేల మీద పోసి ప్లాస్టిక్ షీటు కప్పితే అడుగు నుంచి చెమ్మ పడుతుంది. మొదటి రెండు వారాలు అప్పుడప్పుడు బస్తా మధ్యలోకి చెయ్యి పెట్టి చూడండి. వేడి తగిలితే వెంటనే బయట పరిచేయాలి.

4. మేతగా

అమెరికాలో పాల ఉత్పత్తిలో మొదటి స్థానం కాలిఫోర్నియాదే. టులేరీ, మర్సెడ్ కౌంటీల డెయిరీలు బాదం తోటల పక్కనే ఉంటాయి. ఏటా వచ్చే తొక్కలో పెద్ద వాటా దశాబ్దాలుగా వాటికే వెళ్తోంది.

తొక్కలో చక్కెర, జీర్ణమయ్యే పీచు బాగా ఉంటాయి. మాంసకృత్తులు మాత్రం తక్కువ, 5 శాతం దగ్గర. మన దగ్గర పశువుకి గడ్డితో పాటు తవుడు, చెక్క కలిపి పెడతారు కదా, అందులో తొక్క తవుడు చోటు తీసుకోగలదు గానీ చెక్క చోటు తీసుకోలేదు. మాంసకృత్తులు వేరే దారిలో అందాల్సిందే. యూసీ డేవిస్ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా, డేవిస్) పరిశోధనల్లో పాడి ఆవుల మేతలో తొక్కని 20 శాతం దాకా పెట్టి చూశారు, పాల దిగుబడి నిలిచింది. అది పోషకాహార నిపుణులు లెక్కగట్టి కలిపిన మేత. ఇంట్లో నాలుగు మేకలు పెంచుకునేవాళ్లు ఆ అంకె పట్టుకుని పెట్టేయకూడదు.

మేకలకైతే మొదటి రోజు గుప్పెడు ఎండు తొక్కని చితక్కొట్టి మామూలు మేత మీద చల్లండి. రెండు వారాల్లో కొద్దికొద్దిగా పెంచండి. పశువైద్యుణ్ని అడగకుండా మొత్తం మేతలో పదో వంతు దాటించవద్దు. పేడ పల్చబడినా, నెమరు తగ్గినా ఆపేయండి. ఎండుగడ్డి మాత్రం ఎప్పుడూ ముందుండాలి. తీపి వల్ల మేకలు తొక్కని ఎగబడి తింటాయి, బస్తా వాటికి అందే చోట ఉంచకండి. కోళ్లకి దీన్ని పెట్టడం కోసం శ్రమ పడక్కర్లేదు, పీచు వాటికి పెద్దగా పనికిరాదు.

ఇంకోటి, పక్క తోట నుంచి తొక్క తెచ్చుకుంటుంటే ఏ మందు కొట్టారు, ఎప్పుడు కొట్టారు అని అడగండి. మొహమాటపడక్కర్లేదు, ఇక్కడ అది మామూలు ప్రశ్నే. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ పప్పుకి ఒక అవశేష పరిమితి, తొక్కకి వేరే పరిమితి పెడుతుంది. మందు నేరుగా పడేది తొక్క మీదే కదా. కొన్ని మందుల లేబుల్ మీద తొక్కని పశువులకి పెట్టకూడదని రాసి ఉంటుంది. ఎవరూ సమాధానం చెప్పలేకపోతే ఆ తొక్క మేతకి వద్దు.

5. నేలకి

తొక్కలో పొటాషియం 2 శాతం పైనే ఉంటుంది. బాదం చెట్టు నేల నుంచి బాగా లాగేసే పోషకం కూడా అదే. తొక్క తోట దాటి వెళ్లిపోతే ఆ పొటాష్‌ని మళ్లీ సంచుల్లో కొనుక్కోవాలి. మేతకి మంచి ధర వచ్చిన ఏడు అమ్మి ఎరువు కొనడం లాభం. ధర పడిపోయిన ఏడు రవాణా ఖర్చు పెట్టుకుని అమ్మడం కన్నా తోటలోనే పరిచేయడం మేలు.

పరవడం సులువే. కోత అయ్యాక, శీతాకాలం వానలకి ముందు, డ్రిప్ గొట్టాలున్న వరస వెంట రెండంగుళాల మందం. మొదలుకి ఆరంగుళాలు వదిలేయాలి, తడి తొక్క బెరడుకి ఆనుకుంటే కుళ్లు. పొటాషియం నీళ్లలో త్వరగా కరుగుతుంది కాబట్టి రెండు మూడు మంచి వానలకే నేలలోకి దిగిపోతుంది. తర్వాత మిగిలే తొక్క మల్చ్‌గా, అంటే నేలని కప్పే పొరగా, తేమ పట్టి ఉంచుతుంది. పరిచేముందు అందులో పప్పున్న కాయలు లేకుండా చూసుకోండి, ఉంటే ఎలుకలు, ఉడతలు వచ్చేస్తాయి.

పెరటివాళ్లకి కంపోస్టే బాగుంటుంది. ఒక బకెట్ చితక్కొట్టిన తొక్కకి రెండు బకెట్ల పచ్చి సరుకు వేయండి: కోసిన గడ్డి, కూరగాయల చెత్త, కాఫీ పిప్పి. పిడికిట పట్టి పిండితే ఒకటి రెండు చుక్కలు రాలేంత తడి. కుప్ప కనీసం మూడడుగుల ఎత్తు, వెడల్పు ఉంటేనే 130 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటుతుంది. వేడి తగ్గినప్పుడల్లా తిరగెయ్యండి. పెంకు కలపకండి, కుళ్లడానికి చాలా కాలం పడుతుంది. పైగా సన్నగా పొడి చేసి కలిపితే నేలలోని నత్రజనిని లాగేసుకుని మొక్క పసుపు పచ్చగా తిరుగుతుంది.

కరివేపాకు కుండీకి ఈ కంపోస్టు బాగా పనిచేస్తుంది, వేసవిలో పొటాషియం ఆకుని నిలబెడుతుంది. కుండీ మీద మాత్రం కంపోస్టు కాదు, పెంకు పరవండి. సెంట్రల్ వ్యాలీ ఎండకి పైమట్టి మధ్యాహ్నానికే బీటలు తీస్తుంది, ఒక అంగుళం పెంకు పొర ఆ ఎండని ఆపుతుంది. (కరివేపాకు మొక్కని వేరే కౌంటీకి పట్టుకెళ్లేముందు క్వారంటైన్ నిబంధనలు చూసుకోండి. నిమ్మ జాతిని పీడించే పురుగుకి అదీ ఆశ్రయమే.)

బడి తోటల్లో, పిల్లలు ఆడే చోట్ల తొక్క, పెంకు మల్చ్ వేయకపోవడమే మంచిది. గింజ ముక్కలు కలిసి ఉండొచ్చు, నట్ అలర్జీ ఉన్న పిల్లలుంటే టెన్షన్ ఎందుకు?

6. పెంకు

డెయిరీల్లో పశువుల కింద పక్కగా పరుస్తారు, బయోమాస్ ప్లాంట్లలో కాల్చి కరెంటు తీస్తారు. అమెరికా వ్యవసాయ శాఖ యూఎస్‌డీఏ వాళ్ల ఆల్బనీ (కాలిఫోర్నియా) పరిశోధనశాలలో పెంకుని గాలి లేకుండా వేయించి నల్లటి పొడి చేసి, రీసైకిల్ ప్లాస్టిక్‌ గట్టిపడటానికి కలిపి చూశారు. ఇవన్నీ లారీలకొద్దీ పెంకు ఉన్నవాళ్ల వ్యవహారం.

ఇండియా కాలిఫోర్నియా నుంచి ఎక్కువగా కొనేది పెంకుతో ఉన్న బాదమే, అక్కడికి చేరాక పగలగొడతారు. అందుకే తొక్క ఇక్కడే ఉండిపోతుంది, పెంకు మాత్రం సముద్రం దాటుతుంది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పెంకు బాదం కొనుక్కునేవాళ్లకి ఈ భాగమూ, తర్వాతి భాగమూ పనికొస్తాయి.

ఇంట్లో అయితే బార్బెక్యూ పొగకి వాడొచ్చు. గుప్పెడు ఎండు పెంకుల్ని రేకులో చుట్టి నాలుగు కన్నాలు పొడిచి బొగ్గుల మీద పెట్టండి, చికెన్‌కి తీపి కలిసిన తేలికపాటి పొగ వాసన పడుతుంది. మందు కొట్టని చెట్టు పెంకు అయితేనే.

బొగ్గు, అంటే బయోచార్ కూడా చేసుకోవచ్చు. మూత బిగుసుకునే ఇనప డబ్బా తీసుకోండి, లోపల ప్లాస్టిక్ పూత, పెయింటు ఉండకూడదు. నిండా పెంకు పోసి, మూతకి మేకుతో రెండు మూడు కన్నాలు పెట్టి, మండుతున్న బార్బెక్యూ బొగ్గుల మధ్య ఉంచండి. మొదట తెల్లటి ఆవిరి వస్తుంది. తర్వాత కన్నాల దగ్గర సన్నటి మంట అంటుకుంటుంది, లోపలి వాయువు మండుతోందన్నమాట. ఆ మంట దానంతట అదే ఆరిపోయాక డబ్బా తీసి, కన్నాలు మట్టితో మూసి, పూర్తిగా చల్లారేదాకా తెరవకండి. ముందే తెరిస్తే గాలి తగిలి మొత్తం బూడిదవుతుంది. సరిగ్గా కాలిన పెంకు నల్లగా ఉండి నలిపితే కరకరలాడుతుంది. దాన్ని నేరుగా మొక్కకి వేయకుండా కంపోస్టులో కలిపి రెండు మూడు వారాలు ఉంచాకే వాడండి.

బూడిద మాత్రం నేలకి వేయొద్దనే చెబుతాను. సెంట్రల్ వ్యాలీ నేలల్లో చాలావరకు ఇప్పటికే క్షారం ఎక్కువ. ఇక బయట కుప్పపోసి తగలబెట్టడం మానేయండి. సెంట్రల్ వ్యాలీ దక్షిణ భాగమైన సాన్ వాకీన్ వ్యాలీలో తోట చెత్త బహిరంగంగా కాల్చడానికి 2025 జనవరి నుంచి దాదాపు దారులు మూసేశారు. చిన్న బార్బెక్యూ మంటకైనా నో-బర్న్ రోజుల (గాలి బాగోలేదని కాల్చడం ఆపమనే రోజులు) నిబంధనలు ముందు చూసుకోండి.

7. వంటింట్లో: పొట్టు, పిప్పి

రాత్రి నానబెట్టి పొద్దున్నే పొట్టు తీసి పిల్లలకి పెట్టడం మనకి అలవాటే. ఆ పొట్టు రోజుకి చెంచాడు, వారానికి గుప్పెడు. పళ్లెంలో ఆరబెట్టి సీసాలో వేసుకుంటూ వెళ్లండి. విడిగా తినడానికి వగరుగా ఉంటుంది, పొడుల్లో కలిస్తే తెలియదు.

పిప్పి సంగతి తొందరగా చూడాలి. పాలు పిండిన పిప్పి ఫ్రిజ్‌లో రెండు రోజులు దాటితే పులుస్తుంది. వెంటనే వాడనప్పుడు 200 డిగ్రీల ఫారెన్‌హీట్ ఓవెన్లో ట్రే మీద పల్చగా పరిచి, మధ్యమధ్యలో ఫోర్కుతో విడదీస్తూ, పొడిపొడిగా ఇసకలా అయ్యేదాకా ఉంచండి. రెండు మూడు గంటలు పట్టొచ్చు.

దాంతో నాకు నచ్చింది కారప్పొడి. రెండు చెంచాల శనగపప్పు, చెంచా జీలకర్ర, ఎనిమిది ఎండుమిరపకాయలు, గుప్పెడు కరివేపాకు కొంచెం నూనెలో విడివిడిగా వేయించండి. అదే మూకుడులో ఒక కప్పు ఎండిన పిప్పి, రెండు చెంచాల పొట్టు వేసి సన్న సెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా తిప్పుతూ ఉండండి. చల్లారాక ఉప్పు, నిమ్మకాయలో సగమంత చింతపండుతో కలిపి బరకగా పట్టి, చివర్లో నాలుగు వెల్లుల్లి రెబ్బలు వేసి ఒక్క తిప్పు తిప్పండి. ఇడ్లీలోకి నేతితో బాగుంటుంది. పిప్పి పూర్తిగా ఎండకపోతే మాత్రం పొడి వారంలోనే ముక్కవాసన వస్తుంది.

సొంత చెట్టు బాదమైతే పచ్చి పిప్పిని వేయించకుండా తినకండి. 2001, 2004లో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా కేసులు వచ్చాక, ఉత్తర అమెరికాలో అమ్మే కాలిఫోర్నియా బాదంని ముందు పాశ్చరైజ్ చేయాలని, అంటే క్రిములు చచ్చేలా శుద్ధి చేయాలని, 2007 సెప్టెంబర్ నుంచి నియమం పెట్టారు. ఇక్కడి దుకాణంలో కొన్నదానికి ఆ రక్షణ ఉంది, పెరటి చెట్టుకి లేదు.

8. రంగు

తొక్కలో టానిన్లు అనే వగరు పదార్థాలుంటాయి. నూలు బట్ట బరువుకి రెండింతలు తొక్క నీళ్లలో గంటసేపు ఉడికించి వడకడితే లేత గోధుమ రంగు వస్తుంది. తుప్పు పట్టిన మేకులు వేసి నానబెట్టిన వెనిగర్ కొంచెం కలిపితే బూడిద వైపు తిరుగుతుంది. పటిక వేసి ఉడికించిన బట్టకి రంగు బాగా పడుతుంది.

9. ముసలి తోట, చలికాలం పని

బాదం తోట పాతికేళ్ల దగ్గరికొచ్చేసరికి దిగుబడి తగ్గి తీసేయాల్సి వస్తుంది. ఒకప్పుడు కాల్చేసేవారు, లేదా విద్యుత్ ప్లాంట్లకి పంపేవారు. ఇప్పుడు చెట్లని అక్కడే చిప్స్‌గా నూరి, నేల మీద పరిచి, లోపలికి దున్నేయడం బాగా పెరిగింది. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా సలహాదారుగా బ్రెంట్ హోల్ట్జ్ ఏళ్ల తరబడి చేసిన ప్రయోగాలు దీనికి పునాది. చేయించాలనుకుంటే రెండు గుర్తుపెట్టుకోండి. చిప్స్ సన్నగా, సమానంగా పరవాలి. కొత్త మొక్కలకి మొదటి ఏడాది నత్రజని మామూలు కన్నా ఎక్కువ ఇవ్వాలి, లేకపోతే చెక్క దాన్ని లాగేసుకుని మొక్కలు ఎదగవు.

కోత అయ్యాక కూడా చెట్ల మీద కొన్ని కాయలు నల్లగా ఎండి అంటుకునే ఉంటాయి. ఇక్కడివాళ్లు వాటిని ‘మమ్మీలు’ అంటారు. తొక్కతో కలిపి బస్తాలకెత్తడం, మల్చ్‌లో వేయడం చేయకండి, నేవల్ ఆరెంజ్‌వార్మ్ చలికాలం గడిపేది వాటిలోనే. ఫిబ్రవరి 1 లోపు చెట్టుకి రెండుకి మించి మిగలకుండా రాల్చేయాలన్నది యూనివర్సిటీ సలహా. మంచు పట్టి కాయలు బరువెక్కిన పొద్దున రాలిస్తే తేలిగ్గా ఊడతాయి. రాలినవాటిని వరసల మధ్యకి ఊడ్చి, మార్చి రాకముందే ఫ్లెయిల్ మోవర్‌తో (ట్రాక్టరుకి తగిలించే కోత యంత్రం) నుజ్జు చేయించండి. పెరట్లో రెండు చెట్లే అయితే కర్రతో దులిపి, ఏరి, సంచిలో గట్టిగా మూటకట్టి చెత్తబండికి వేసేయండి. కంపోస్టు కుప్పలోకి మాత్రం వద్దు, వేడి తగలని అంచుల్లో ఉన్న పురుగులు వసంతానికి రెక్కలొచ్చి మళ్లీ మీ చెట్టు మీదికే వస్తాయి.